పొట్టిగా పుట్టిన జీపు

జీపు అనగానే మనకు ఎత్తయిన బండి కళ్లముందు మెదులుతుంది. ఊళ్లోకి తాసీల్దారో బీడీవోనో వచ్చినప్పుడు దానిలోంచి చిన్న దూకు దూకి దిగడం, పిల్లలమంతా దాని చక్రాల చుట్టూ మూగడం మన తరంలో చాలామందికి జ్ఞాపకమే. అందువల్లనే కాబోలు, పాత జీపు చేతికొచ్చిన ప్రతివాడికీ దాన్ని ఇంకొంచెం లేపాలన్న కోరిక పుడుతుంది. చరిత్ర తిరగేస్తే మాత్రం తేలేది ఇందుకు విరుద్ధంగా ఉంది. జీపును పుట్టించినవారు అది వీలైనంత పొట్టిగా ఉండాలని కోరుకున్నారు. దానికి ఎత్తు తెచ్చిపెట్టినవారిలో చాలామంది పెరట్లో జాకీ, పానాలు పట్టుకు కూర్చున్న సామాన్యులు. ఆ పెరటి పని చరిత్ర ఎక్కడా ఒకచోట రాసిపెట్టి లేదు. నాకు తెలిసినంతలో పోగుచేసి ఈ టపాలో పెడుతున్నాను.

ముందుగా రెండు మాటల సంగతి. ఇరుసు అన్నది ఎడ్లబండి నాటి నుంచీ మనకున్న మాట. కమాను మాత్రం పారశీకం నుంచి ఉర్దూ మీదుగా మన మెకానిక్కుల నోటికి వచ్చింది. దాని అసలు అర్థం విల్లు. ఉక్కు పట్టాలను పొడుగుదాని కింద పొట్టిది చొప్పున పేర్చి, నడిమధ్య ఒక బోల్టుతో బిగిస్తే కమాను కట్ట అవుతుంది. చూడ్డానికి నిజంగానే విల్లులా ఉంటుంది కనుక ఆ పేరు అతికినట్టు సరిపోయింది. మన ఎడ్లబండికి ఇది లేదు, బండి నేరుగా ఇరుసు మీదే కూర్చుంటుంది. జట్కాకు ఉంది. గుర్రపు బళ్లను ఇటువంటి కమానుల మీద నిలబెట్టే పద్ధతికి లండనులో ఒబడయా ఇలియట్ అనే బళ్ల తయారీదారు 1804లో పేటెంటు పొందాడు. అంటే ఈనాటికీ మన లారీల కింద బరువు మోస్తున్న ఈ సామగ్రి, మోటారుకారు కన్నా ఎనభై ఏళ్లు పెద్దది.

కమాను పనిచేసే తీరులో ఒక చమత్కారం ఉంది. తరవాతి కథంతా దాని మీదే నడుస్తుంది గనుక ఇక్కడే చెప్పేస్తాను. పై పట్టా రెండు కొసలనూ చుట్టి కన్నాలుగా మలుస్తారు. ఒక కన్నాన్ని పిన్నుతో ఛాసిస్‌కు బిగిస్తారు. రెండో కొసను కూడా అలాగే బిగించేస్తే కమాను కదలదు. ఎందుకంటే బరువు పడి విల్లు చదునైనప్పుడు రెండు కొసల మధ్య దూరం పెరుగుతుంది. ఆ పెరుగుదలకు చోటివ్వడానికి రెండో కొసను ఊగే ఇనుప లంకెతో ఛాసిస్‌కు వేలాడదీస్తారు. అదే షాకిల్. బండిని ఇంట్లో లేపదలచినవాడి చూపు మొట్టమొదట పడేది దీని మీదే.

ఇక జీపు పుట్టుక. 1930ల చివర్లో అమెరికా సైన్యంలో కెప్టెన్ రాబర్ట్ హౌవీ ఒక వింత బండిని తయారుచేయించాడు. ఇద్దరు సైనికులు దాని మీద బోర్లా పడుకొని నడపాలి. శత్రువు కంటికి కనబడకుండా గడ్డిలో పాకిపోవాలన్నది ఆలోచన. ఆ బండి ముందుకు సాగలేదు గానీ, చిన్న బండి నేలకు ఎంత దగ్గరగా ఉంటే అంత మేలన్న ఆలోచన మాత్రం సైన్యంలో మిగిలిపోయింది. 1940 జులైలో ఆ సైన్యమే 135 కంపెనీలకు ఒక కబురు పంపింది: నాలుగు చక్రాలూ తిప్పే తేలికపాటి బండి కావాలి, గాలి అద్దం ముందుకు వాలిపోవాలి, బండి బరువు 1,300 పౌండ్లు మించరాదు. ఆ బరువులో అటువంటి బండి ఎవరికీ సాధ్యం కాలేదు, తరవాత సైన్యమే మెట్టు దిగింది. బాంటమ్ అనే చిన్న కంపెనీ తరఫున కార్ల్ ప్రాబ్‌స్ట్ గీసిన నమూనాతో చేసిన బండి ఆ ఏడు సెప్టెంబరు 23న హోలాబర్డ్ సైనిక శిబిరానికి చేరింది. ఆ తరవాత విల్లీస్, ఫోర్డ్ కంపెనీలు రంగంలోకి దిగి, యుద్ధం ముగిసేలోగా ఇద్దరూ కలిసి ఆరు లక్షలకు పైగా బళ్లు చేశారు.

విల్లీస్ ఎంబీ అని పిలిచే ఆ బండి కిందికి వంగి చూస్తే మన కథకు కావలసినది కనబడుతుంది. కమాను కట్ట ఇరుసుకు పైన ఉండదు, కింద ఉంటుంది. యు-బోల్టులు ఇరుసు మీదుగా దిగి కట్టను పట్టుకుంటాయి. బండి పొట్టిగా ఉండడానికే ఇలా అమర్చారని కాగితం మీద రాసి ఉండగా నేను చూడలేదు గానీ, ఫలితం మాత్రం అదే. అదే కట్ట ఇరుసు పైకి వెళ్తే బండి నాలుగైదు అంగుళాలు లేస్తుంది. నేలకూ బండి అడుగున అన్నిటికన్నా కిందికి దిగిన భాగానికీ మధ్య ఖాళీ 8¾ అంగుళాలు. ఆ కిందికి దిగిన భాగం డిఫరెన్షియల్, అంటే ఇరుసు మధ్య ఉబ్బెత్తుగా ఉండే గిన్నె.

ఇక్కడ చాలామంది ఎత్తరులు తప్పుదారి పడతారు. (ఎత్తరి అన్న మాట నేనే కల్పించాను, ఇంతకన్నా మంచిది దొరికితే చెప్పండి.) కమాను మార్చినా, షాకిల్ పొడుగు చేసినా, ఛాసిస్ పైకి లేస్తుంది గానీ డిఫరెన్షియల్ ఉన్నచోటే ఉంటుంది. అది ఇరుసులో భాగం, ఇరుసు చక్రం నడుమ ఉంటుంది. దాన్ని నేల నుంచి దూరం చేసేది టైరు ఒక్కటే, అదీ సగం లెక్కన. 28 అంగుళాల టైరు తీసి 31 అంగుళాలది వేస్తే డిఫరెన్షియల్ కింద పెరిగేది అంగుళమున్నర. మరి కమాను ఎత్తు ఎందుకంటే, ఆ పెద్ద టైరు మడ్గార్డుకు తగలకుండా తిరగడానికి, బండి నడుం గట్టు మీద ఆనకుండా దాటడానికి. అంతే.

ఇదే చిక్కును అదే యుద్ధంలో అవతలి పక్షం వేరే దారిలో విప్పింది. జర్మన్ల క్యూబెల్‌వాగన్‌కు నాలుగు చక్రాల నడక లేదు. అయితే వెనక చక్రాల దగ్గర ఒక్కొక్క చిన్న పళ్లచక్రాల పెట్టె పెట్టి, ఇరుసును చక్రం మధ్య కన్నా పైకి తెచ్చారు. దానితో డిఫరెన్షియల్ కూడా పైకి వెళ్లింది. యుద్ధం తరవాత ఉనిమోగ్ ఇదే ఉపాయాన్ని నాలుగు చక్రాలకూ వాడింది. ఖాళీ పెంచడానికి నిజమైన మార్గం ఇదే అయినా ఇంటి పెరట్లో అయ్యే పని కాదు. పెరట్లో చేతికందేది షాకిల్, కమాను, వెల్డింగు. జీపు చరిత్ర అటువైపే సాగింది.

1945లో విల్లీస్ పౌరుల కోసం సీజే-2ఎ విడుదల చేసింది. యుద్ధం నుంచి మిగిలిన సైనిక జీపులు కూడా అమెరికాలో రైతుల చేతికీ, వేటగాళ్ల చేతికీ వచ్చాయి. 1953లో కాలిఫోర్నియాలో జార్జ్‌టౌన్ నుంచి టాహో సరస్సు వైపు, రూబికాన్ అనే బండరాళ్ల బాట మీదుగా కొన్ని డజన్ల జీపులు కలిసి ప్రయాణం చేశాయి. ఆ జీపర్స్ జాంబొరీ ఏటేటా సాగింది. 1967లో యూటా రాష్ట్రంలోని మోయబ్‌లో ఈస్టరు జీపు యాత్ర మొదలైంది. శత్రువు కంటబడకుండా పొట్టిగా ఉండవలసిన అవసరం అక్కడ లేదు. నడుము మీద బండ తగలకపోతే చాలు. సైన్యం పెట్టిన ఎత్తుకూ కొత్త వాడుకకూ మధ్య పేచీ అలా మొదలైంది. ఆ పేచీని తీర్చడానికి కంపెనీలు ముందుకు రాకమునుపే ట్రాక్టరు మరమ్మతుకు అలవాటుపడ్డ చేతులు వెల్డింగు పెట్టెను తీశాయి.

అన్నిటికన్నా చవకైనది పొడుగు షాకిల్. రెండు ఇనుప పట్టీలు, నాలుగు కన్నాలు, అంతే. లెక్క తెలియనివాడు రెండంగుళాలు పొడుగు చేస్తే బండి రెండంగుళాలు లేస్తుందనుకుంటాడు. కమానుకు ఒక కొసే దిగుతుంది, రెండో కొస పిన్ను దగ్గరే ఉంటుంది, ఇరుసు ఆ రెంటి మధ్య ఉంటుంది కనుక లేచేది అంగుళమే. అంతటితో పోతే బాగుండేది. కమాను ఒక కొస దిగిందంటే ఇరుసు కూడా కొంచెం పొర్లుతుంది. ఈ జీపులకు ముందు కమానుల షాకిల్ ముందువైపునే ఉంటుంది. దాన్ని పొడుగు చేస్తే ముందు ఇరుసు ముందుకు పొర్లుతుంది. సైకిలు ముందు ఫోర్కు కొంచెం వాలుగా ఉండడం వల్ల చేతులు వదిలినా చక్రం తిన్నగా పోతుంది కదా, జీపు చక్రాలకూ అటువంటి వాలు ఉంటుంది, దాన్ని కాస్టర్ అంటారు. ఇరుసు ముందుకు పొర్లితే ఆ వాలు తగ్గుతుంది. అప్పుడు మలుపు తిరిగాక స్టీరింగు తనంతట తాను తిన్నబడదు, వేగంలో బండి అటూ ఇటూ తచ్చాడుతుంది. కమానుకూ ఇరుసుకూ మధ్య వాలు చెక్కల్లాంటి ఇనుప ముక్కలు దూర్చి దీన్ని సరిచేస్తారు. ఒక సంగతి: ఆ పాత విల్లీస్ షాకిళ్లలో కొన్నింటికి ఎడమ మర ఉంటుంది. తెలియక బలం కొద్దీ విప్పబోయినవాళ్లు వాటిని ఇంకా బిగించి విరగ్గొట్టారు.

రెండో పద్ధతి కమానుకే ఎక్కువ వంపు ఇవ్వడం. మన ఆటోనగర్లలో కమానుల పని చేసేవారికి ఇది నిత్యం అలవాటైన పనే. పట్టాలు విడదీసి, చల్లగా ఉండగానే దాగలి మీద పెట్టి వరసగా సుత్తి దెబ్బలతో వంపు తెస్తారు. విజయవాడ ఆటోనగర్లో ఒక పెద్దాయన పని చూస్తూ నేను గంటసేపు నిలబడిపోయాను. ఒక్కొక్క దెబ్బకూ మధ్య ఆయన పట్టాను చేతిలో తిప్పి చూసుకునే తీరు వీణ తంతి సరిచేస్తున్నట్టు ఉంది. చల్లగా తెచ్చిన వంపు కొన్నాళ్లకు మళ్లీ దిగుతుంది. తొందరపడి పట్టాను కాల్చి వంచితే ఉక్కుకు పెట్టిన పదును పోతుంది. మళ్లీ పదును పెట్టే కొలిమి లేనిచోట ఆ పని చేయరాదు. పదును పోయిన పట్టా ఏదో ఒకరోజు లోయ పక్కన విరుగుతుంది.

మూడోది అసలైనది: కింద ఉన్న కమానును ఇరుసు పైకి మార్చడం. ఇరుసు గొట్టం మందం, కమాను కట్ట మందం కలిపి బండి ఒక్కసారిగా నాలుగైదు అంగుళాలు లేస్తుంది. పాత కమానులే వాడవచ్చు, కొత్త సామాను దాదాపు ఏమీ అక్కరలేదు. ఇరుసు గొట్టం పైన కమాను కూర్చోడానికి రెండు పీటలు వెల్డింగు చేస్తే చాలునని చెప్పుకుంటారు. ఇంట్లో చేసేవాళ్లకు దీనిమీద అంత మోజు అందుకే. చాలునన్న ఆ మాట దగ్గరే నా అభ్యంతరం. బండి అయిదంగుళాలు లేచాక బ్రేకు గొట్టాలు పొట్టివవుతాయి, చక్రం గోతిలో దిగినప్పుడు సాగి తెగవచ్చు. ప్రొపెల్లర్ షాఫ్టు ఏటవాలు పెరిగి యూజే క్రాసులు త్వరగా అరుగుతాయి. షాకబ్జార్లు పొడుగువి కావాలి. స్టీరింగు కడ్డీ పైనుంచి కిందికి వాలిపోతుంది, అప్పుడు ప్రతి గోతికీ డ్రైవరు తిప్పకుండానే చక్రాలు పక్కకు తిరుగుతాయి. యాక్సిలేటరు గట్టిగా తొక్కినప్పుడు ఇరుసు మెలిపడి, కమాను పాములా వంకర తిరుగుతుంది. ఇవన్నీ సరిచేయగలిగినవే. సరిచేసినవాళ్ల బళ్లు మోయబ్ బండల మీద దశాబ్దాలుగా నడుస్తున్నాయి. సగంలో ఆపినవాళ్ల బళ్లు కూడా రోడ్ల మీద నడుస్తున్నాయి, అదే భయం.

ఈ భయం తయారీదారుకూ తగిలింది. 1980 డిసెంబరులో అమెరికన్ టీవీ కార్యక్రమం '60 మినిట్స్'లో సీజే-5 జీపు మలుపుల్లో బోల్తాపడడం చూపించారు. కంపెనీ ఆ పరీక్షల తీరును తప్పుబట్టింది, కోర్టుల్లో దావాలు నడిచాయి. ఎవరి పక్షం ఎంత నిజమన్నది పక్కన పెడదాం. సీజే వంశం 1986లో ముగిసింది. దాని స్థానంలో 1987 మోడలుగా వచ్చిన వైజే చక్రాల మధ్య వెడల్పు పెరిగింది, ఎత్తు తగ్గింది. కమానులు మాత్రం ఇరుసు కిందే ఉన్నాయి. నలభై ఏళ్ల తరవాత తయారీదారు మళ్లీ పొట్టి జీపు దగ్గరికి వచ్చాడన్నమాట. కొన్నవాళ్లు దాన్ని పెరట్లోకి తీసుకెళ్లి కమానును ఇరుసు పైకి మార్చడం మొదలుపెట్టారు. కంపెనీ తగ్గించిన ఎత్తును యజమాని తిరిగి పెంచుకోవడంలో నాకు కొంత హాస్యం కనిపిస్తుంది, కొంత విషాదం కూడా.

బోల్తా లెక్క కష్టమైనది కాదు. చక్రాల మధ్య వెడల్పును, బండి గరిమనాభి ఎత్తుకు రెట్టింపుతో భాగిస్తే ఒక సంఖ్య వస్తుంది. అమెరికా రహదారి భద్రతా సంస్థ 2001 మోడళ్ల నుంచి బళ్లకు బోల్తా రేటింగు ఇవ్వడానికి దీన్నే ఆధారం చేసుకుంది. మామూలు కార్లకు అది 1.3 నుంచి 1.5 దాకా ఉంటుంది, ఎత్తయిన బళ్లకు 1.0 నుంచి 1.3 దాకా. ఉదాహరణకు వెడల్పు 1,300 మి.మీ., గరిమనాభి ఎత్తు 650 మి.మీ. ఉన్న బండి తీసుకుంటే సంఖ్య సరిగ్గా 1. దాని గరిమనాభి మూడంగుళాలు, అంటే సుమారు 75 మి.మీ. పైకి వెళ్తే సంఖ్య 0.9కి దిగుతుంది. మలుపులో పక్కకు తోసే బలం బండి బరువులో పదోవంతు తక్కువైనా అది పడిపోగలదన్నమాట. ఇరుసులూ చక్రాలూ లేవవు గనుక ఛాసిస్ లేచినంతా గరిమనాభి లేవదు, అది కొంత ఊరట. పైన లగేజీ కారియరు పెట్టి పదిమందిని ఎక్కిస్తే ఆ ఊరట కూడా మిగలదు.

ఈ పదిమంది అన్నది ఉత్తమాట కాదు. మహీంద్రావారు విల్లీస్ జీపులను మన దేశంలో కూర్చడం 1940ల చివర్లో మొదలుపెట్టారు. సీజే-3బి ఆధారంగా చేసిన బళ్లు అమెరికాలో ఆ మోడలు ఆగిపోయాక కూడా దశాబ్దాల పాటు ఇక్కడ తయారయ్యాయి. వాటి సంతతిలో పొడుగాటి కమాండర్ జీపులు మన పాడేరు, అరకు, రంపచోడవరం వైపు బస్సు పోని ఊళ్లకు బస్సులయ్యాయి. లోపల కూర్చున్నవాళ్లు కాక వెనక వేలాడేవాళ్లు, పైన సంత బుట్టలతో కూర్చున్నవాళ్లు. ఆ బరువుకు కమాను కుంగిపోకుండా యజమానులు ఒకటి రెండు పట్టాలు అదనంగా వేయించేవారు. ఎత్తు పెంచాలన్న సరదా వారికి లేదు, బరువు మోయించాలన్న అవసరమే ఉంది. అయినా జరిగింది ఎత్తు పెరగడమే: ఖాళీ బండి వెనక భాగం తోక ఎత్తిన పిట్టలా నిలబడేది. నిండు బండి మాత్రం మామూలు ఎత్తులోనే కనిపించి చూసేవాళ్లకు ధైర్యం చెప్పేది, బరువంతా పైన ఉన్నా సరే. మన్యం ఘాట్లలో జీపులు బోల్తాపడ్డ వార్తలు మనం ఎన్ని చదవలేదు! మనకు కమాను ఎత్తు చరిత్రంటే ముందు గుర్తుకు రావలసింది ఈ అదనపు పట్టాయేనని నా అభిప్రాయం. రూబికాన్ బాట తరవాతి మాట.

మన దేశంలో సరదా కోసం ఎత్తు చేయడం ఎక్కువగా జిప్సీతో ఊపందుకుంది. సుజుకీ చిన్న జీపు ఎస్‌జే-410ను కొంచెం పొడుగు చేసి మారుతి 1985 డిసెంబరులో ఇక్కడ విడుదల చేసింది. సైన్యమూ పోలీసులూ దాన్ని వేల సంఖ్యలో కొన్నారు, 2018-19 దాకా అది మార్కెట్టులో ఉంది. దానికీ నాలుగు మూలలా కమానులే, అవీ ఇరుసు కిందే. దాని అన్నదమ్ముడు సమురాయ్ అమెరికాలో అమ్ముడయ్యేది. 1988లో 'కన్స్యూమర్ రిపోర్ట్స్' పత్రిక అది తేలిగ్గా బోల్తాపడుతుందని, కొనదగినది కాదని రాసింది. సుజుకీ 1996లో దావా వేసింది, 2004లో ఇరుపక్షాలూ రాజీపడ్డాయి. సమురాయ్‌కన్నా మన జిప్సీ అడుగుకు పైగా పొడుగు, అది కొంత నయం. అయినా సమురాయ్ మీద అమెరికా కుర్రాళ్లు చేసిన ప్రయోగమే, కమాను ఇరుసు పైకి మార్చడం, బెంగుళూరులోనూ కేరళలోనూ జిప్సీల మీద జరిగింది. సైన్యం వేలంలో చవకగా దొరికిన జిప్సీలు ఇందుకు ముడిసరుకయ్యాయి.

అందరూ జిప్సీల దాకా పోరు. మా పెద్దమ్మ కొడుకు దగ్గర ఒక పాత మహీంద్రా 540 ఉంది. వాళ్లది గోదావరి అవతల, మారేడుమిల్లి ఘాటు మీదుగా తరచు పోవలసిన పని. ఒకనాడు ఫోను చేసి, "ఒరే తమ్ముడూ, మన జీపుని ఓ నాలుగంగుళాలు లేపేద్దామనుకుంటున్నాన్రా, నువ్వేదో చదువుతుంటావుగా, ఏ పద్ధతి మంచిదో చూసి చెప్పు" అన్నాడు. ఈ టపాకు కావలసిన చదువంతా నేను చదివింది ఆ మాట మీదే.

చదివినదాంట్లో అన్నయ్యకు ముందుగా చెప్పవలసి వచ్చింది చట్టం. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షను, 2000లో సవరించాక, తయారీదారు మొదట ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చరాదంటుంది. అనుమతించిన మినహాయింపులు కొన్ని ఉన్నాయి, కమాను ఎత్తు పెంచడం వాటిలో లేదు. కేరళ నుంచి వచ్చిన ఒక కేసులో సుప్రీంకోర్టు 2019 జనవరి 9న ఇదే స్పష్టం చేసింది. ఆ ఏడే వచ్చిన సవరణ చట్టం ప్రకారం ఇలాంటి మార్పు చేసిన యజమానికి ఆరునెలల దాకా జైలు, లేదా మార్పు ఒక్కింటికి అయిదువేల రూపాయల జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ప్రమాదం జరిగినప్పుడు బీమా కంపెనీ దీన్ని పట్టుకుని పేచీ పెట్టడానికీ వీలుంది. రోడ్డు ఎక్కకుండా పోటీల మైదానంలోనే తిరిగే బండి సంగతి వేరు. అన్నయ్య బండి రోజూ జనం మధ్య తిరిగేది, పైగా వెనక సీట్లో మా వదిన, పిల్లలు ఉంటారు.

ఇంత చెప్పి, "అన్నయ్యా, లేపడం సంగతి తరవాత, ముందు ఇప్పుడెంతుందో కొలువు" అన్నాను. చదును నేల మీద బండి నిలిపి, ఇరుసు నడిమి నుంచి మడ్గార్డు అంచు దాకా నాలుగు మూలలా కొలవాలి. కమానుకు వయసుంటుంది. పాతికేళ్లు బరువు మోసిన విల్లు తన వంపు తిరిగి తెచ్చుకోలేదు. అన్నయ్య కొలతల్లో డ్రైవరు వైపు ముందు మూల ఎడమ మూల కన్నా ముప్పాతిక అంగుళం దిగి ఉంది. పిన్నుల దగ్గర రబ్బరు బుష్షులు పిండయ్యాయి. ఒక వెనక కమానులో మూడో పట్టా ఎప్పుడు విరిగిందో ఎవరికీ తెలియదు.

పని వాళ్ల పెరట్లోనే జరిగింది, రెండు ఆదివారాలు. ముందురోజే బోల్టులన్నిటికీ కిరసనాయిలు పోసి నానబెట్టారు. వెనక చక్రాలకు రాళ్లు అడ్డుపెట్టి, ఛాసిస్‌ను జాకీతో లేపి, బరువు స్టాండ్ల మీదికి దింపాకనే కిందికి దూరారు. జాకీని నమ్మి బండి కిందికి దూరకూడదని నేను ఫోనులో పదిసార్లు చెప్పి విసిగించాను. కంపెనీ కొలతల కమానులే నాలుగు కొత్తవి, కొత్త బుష్షులు, కొత్త యు-బోల్టులు. పాత యు-బోల్టు ఒకసారి సాగి బిగిసినది, దాన్ని మళ్లీ వాడరాదు. షాకిల్ బోల్టులను బండి గాల్లో ఉండగా బిగించలేదు. బరువంతా చక్రాల మీదికి వచ్చాకే బిగించారు, లేకపోతే రబ్బరు మెలితిరిగిన స్థితిలోనే ఇరుక్కుపోయి నాలుగు నెలల్లో చిరిగిపోతుంది. వందల కిలోమీటరు తిరిగాక యు-బోల్టులు మళ్లీ బిగించారు.

ఈ పని ఇక ఎన్నాళ్లో సాగదు. 1970లో రేంజ్ రోవర్ చుట్టల స్ప్రింగులతోనే వచ్చింది, 1995లో జిమ్నీ, 1997 మోడలుతో అమెరికన్ జీపు కమానులు వదిలి వాటికి మారాయి. 2020లో వచ్చిన మహీంద్రా థార్‌లో కూడా కమాను లేదు. చుట్టల స్ప్రింగుల మీద ముద్దలు పెట్టి లేపడం సులువుగా కనిపిస్తుంది గానీ, ఇరుసును పక్కకు పోకుండా పట్టుకునే కడ్డీ ఉన్న బళ్లలో బండి లేచిన కొద్దీ ఇరుసు ఒక పక్కకు జరుగుతుంది. అది ఇంకో టపాకు సరిపడే కథ.

రెండో ఆదివారం సాయంత్రం అన్నయ్య మళ్లీ కొలిచి చెప్పాడు. ముందు అంగుళంబావు, వెనక అంగుళమున్నర లేచిందట. బండి కంపెనీనుంచి వచ్చిననాటి ఎత్తు అదే.